మీ తాత నా కంచం సూసిన నాడు

"అవ్వా, నువ్వు పక్కకొచ్చి కూసునేదాంక తాత బువ్వల చెయ్యి పెడ్తలేడేంది? నేనొచ్చిన కాడి సంది సూస్తున్న. మొదటి సంది గట్లనేనా?"

మొదటి సందా? మంచిగడిగినవ్ బిడ్డా. మొదటి సంది గట్లుంటే ఇంకేంది. ఉండు, జర నడుము వాల్చనియ్యి. పొద్దుగాల సంది నిలవడే ఉన్న, కాళ్లు గుంజుతున్నయి. గా చెంబు ఇటియ్యి. ఆ... ఫోన్ల ఎక్కిస్తున్నవా? ఎక్కించు. నా గొంతు ఎవలింటరో ఏమో.

మీ తాత తిండి ముచ్చట చెప్పాల్నంటే ముందుగాల ఆయన పని ముచ్చట చెప్పాలె. వయసుల ఉన్నప్పుడు బావులు తవ్వెటోడు. మన నల్లగొండ దిక్కు భూమి నీకెరికే గదా, పైన జానెడు మట్టి, కిందికి పోతే అంత రాయే. పొద్దు పొడువంగ గడ్డపార పట్టుకొని దిగితే పొద్దుగూకినంకనే పైకొచ్చుడు. అటెన్క బోర్లు వచ్చినయి, ఇగ బావులెవలు తవ్విస్తరు? నాగలి పట్టిండు, బస్తాలు మోసిండు. గసొంటి మనిషికి ఎంత పెట్టినా అరిగిపోయేది. మా అత్త, అంటే మీ బాపుకు నాయినమ్మ, ఆయన కోసమని ఒక కంచం కొన్నది. కంచుది. కాదు కాదు, ఇత్తడిదే. చాట లెక్క వెడల్పుంటది. దాంట్ల గుట్ట లెక్క పెట్టాలె, నడుమ గుంత చేసి చారు పోయాలె. గుట్ట చిన్నగైందనుకో, మా అత్త నా దిక్కు సూసేది. ఒక్క మాట అనేది కాదు, ఉత్తగ సూసేది. గా సూపుకే నేను ఇంకో గంటెడు ఏసేదాన్ని.

బువ్వంటే వరిబువ్వ అనుకునేవు. గప్పుడు దినాం జొన్న రవ్వ ఉడకేసిన గట్కనే. మాకు జాగా లేదు, ఏం లేదు, కూలికి పోతే జొన్నలే కొలిచెటోళ్లు. వరిబువ్వ పండుగలకు, లేకపోతే పెండ్లిళ్లకు. మా చెల్లె లింగమ్మ పెండ్లిల వరిబువ్వ పెట్టిండ్రని ఊరు ఊరంత ఏడాది చెప్పుకున్నది. లింగమ్మ ఇప్పుడు భువనగిరిల కొడుకు కాడ ఉంటది. కండ్లు కనవడ్తలేవట. పోయి సూసి రావాలె, ఎప్పుడు పోతనో. నాకు బస్సెక్కుడంటేనే యాష్టకొస్తది. ఏం చెప్తున్న నేను? ఆ, బువ్వ.

తెలంగాణ వచ్చినంక బియ్యానికి ఫికర్ లేకుంట పోయింది. రేషన్ల మనిషి మనిషికిన్ని ఇచ్చిరి. చెర్లు నిండినయి, బోర్లల్ల నీళ్లు పైకొచ్చినయి, నీళ్లు లేని రాళ్ల చెల్కలల్ల గూడ వరే ఏసిండ్రు. మనింట్ల మూలకు బస్తాలుంటే మీ తాత పోంగ రాంగ వాటి మీద చెయ్యేసి నిమిరెటోడు, బర్రె దూడను నిమిరినట్టు. నాకు నవ్వొచ్చేది. వరి ఎక్కువైంది గాని ఆయనకు పని లేకుంట పోయింది సూడు. దున్నుడు ట్రాక్టరే, కోసుడు మిషినే, బస్తాలు మోసుటందుకు ఎక్కడెక్కడోళ్లో వచ్చిరి. మీ బాపు అన్నడు, "నాయినా, నువ్వు చేసింది చాలు, ఇగ ఆరాం చెయ్యి" అని. నార్కట్‌పల్లి రోడ్డు మీద బస్సులు ఆగే హోటల్ ఒకటుండె, గక్కడ వాచ్‌మన్ కింద కుదిర్చిండు. కుర్సీ ఇచ్చిండ్రు. బండ్లు వస్తే చెయ్యి ఊపుడు, పోతే చెయ్యి ఊపుడు. గంతే పని. జిందగీల కుర్సీ మొకం సూడని మనిషి, మస్తు సంబురపడ్డడు. హోటలాయన మంచోడే, చాయ్ మీద చాయ్ పంపెటోడు, సగం చక్కెరే ఉండేది దాంట్ల.

మాపటికి ఇంటికొస్తే మల్ల గదే కంచం, గదే గుట్ట. పని పోయింది గాని గుట్ట తగ్గలే. తగ్గియ్యాలని నాకెట్ల తెలుస్తది బిడ్డా? మా అత్త సచ్చి ఎన్నేండ్లైనా, గుట్ట చిన్నగైతే వచ్చి తలుపు కాడ నిలవడి సూస్తదనిపించేది.

నా పని తగ్గిందా అంటే అది తగ్గలే. బర్రె ఉండె, గడ్డి కోసుడు, పేడ తీసుడు, నాట్లు, కలుపు. మీ అమ్మ మిషిన్ కుట్టేది, నువ్వు బడికి పోయేటంత పిల్లవైనా నా సంక దిగకపోయేదానివి. గప్పుడు గూడ గింత బరువే ఉంటివి నువ్వు, నవ్వకు.

మీ తాతకు పొట్ట ముందటికొచ్చింది. ఊర్లోళ్లు, "మల్లయ్య మంచిగైండు, కొడుకు మంచిగ సూస్తున్నడు" అన్నరు. మా లెక్కల బక్కగుంటేనే బాధ, లావైతే సుఖపడ్డట్టు. నేను గూడ మురిసిన, అబద్ధమెందుకు. మెట్లెక్కితే ఆయాసపడెటోడు, వయసుకు అనుకున్నం.

గట్లుండంగ ఒకనాడు చెప్పు కరిచి బొటనేలుకు పుండైంది. పసుపు పెట్టిన, మానలే. ఆకు పసరు పెట్టిన, మానలే. నల్లబడుతుంటే భయమై నల్లగొండ దవాఖానకు తీస్కపోయినం. డాక్టరమ్మ చిన్న పిల్ల, మీ అక్క అంత ఉంటది. నెత్తురు తీసి సూసి షుగరన్నది. ముల్లు తిరిగే గా బరువు మిషిన్ మీద నిలవెట్టింది. "తాతా, ఒళ్లు తగ్గాలె, షుగర్ దిగాలె. దిగకపోతే ఈ పుండు మానది, ఏలు తీసేయాల్సొస్తది. ఏలు కాడనే ఆగుతదని నేను మాటియ్యలేను" అన్నది. మందులు రాసింది. బువ్వ తగ్గియ్యుమన్నది, జొన్న రొట్టె తినుమన్నది.

దవాఖానల మంచిగనే తల ఊపిండు. బస్సెక్కినంక సురూ చేసిండు. "పుట్టిన కాడి సంది బువ్వ లేక గట్క తిన్న. ఇయ్యాల ఇంట్ల బస్తాలున్నయి, మల్ల జొన్నలు తినుమంటదా? మనం మల్ల గా కాలంలకు పోవాల్నా?" అని కండ్ల నీళ్లు పెట్టుకున్నడు. బస్సుల అందరు సూసుడే. ఆయన అన్నది తప్పా అంటే తప్పు కాదు. ఏలు పోతదని ఆమె అన్నది గూడ తప్పు కాదు. నేను కిటికీల నుంచి బయటికి సూసుకుంట కూసున్న.

కొన్ని దినాలు రొట్టె చేస్తే ముట్టలే. అటెన్క తనే వచ్చి, "ఏమే, నేను ఒక్కపొద్దులుంట" అన్నడు. ఒక్కపొద్దంటే నీకెరికే, ఆ దినం బువ్వ ముట్టొద్దు, ఫలారం తినాలె. నాకు మస్తు మంచిగనిపించింది. లేక మానుడు గాదు గదా, దేవుని కోసం మానుడాయె. దాంట్ల ఇజ్జత్ ఉన్నది. సోమారం శివునికన్నడు, శనివారం నర్సింహసామికన్నడు. నడుమ గురువారం ఒకటి, శుక్రవారం ఒకటి కలుపుకున్నడు. ఇగ నేను పొయ్యి కాడనే. ఉప్మా చేసుడు, అటుకులల్ల బెల్లం కలుపుడు, సగ్గుబియ్యం పాసెం కాసుడు. అరటిపండ్లు గెలకు గెల తెచ్చెటోడు. అంత గా పెద్ద కంచంలనే. ఫలారానికి లెక్కేముంటది? దేవుని పేరు మీద తినేది ఒంటికి పడ్తదా అనుకున్నం ఇద్దరం. ఆయన మొకంల కళ వచ్చింది, నాకు చేతులు పడిపోయినయి.

మల్ల దవాఖానకు పోతే ముల్లు ఇంకింత ముందటికి పోయింది. షుగర్ గూడ దిగలే. డాక్టరమ్మ పరేషానైంది. "మందులేస్తున్నరా?" ఏస్తున్నం. "అన్నం తగ్గించిండ్రా?" మీ తాత ఛాతి ఇర్సుకొని, "తగ్గించుడేంది మేడం, వారంల సగం దినాలు మెతుకు ముట్టుత లేను, ఒక్కపొద్దే" అన్నడు. ఆమె నా దిక్కు తిరిగి ఫలారం ఏం పెడ్తున్నవమ్మా అన్నది. నేను ఒక్కొక్కటి చెప్పుకుంట పోయిన. గొప్పగనే చెప్పిన. ఆమె కలం పక్కకు పెట్టింది. కోపం చెయ్యలే, నవ్వలే.

"అమ్మా, బియ్యమైనా, రవ్వైనా, అటుకులైనా, లోపలికి పోయినంక అన్ని చక్కెరే అయితయి. ఒక్కపొద్దని దేవునికి తెలుస్తది గాని నెత్తురుకు తెల్వదు గదా. జొన్న రొట్టె గూడ గుట్ట పెట్టుకొని తింటే గంతే. ఇదివరకు బావి తవ్విండు, తిన్నది ఖర్చైంది. ఇప్పుడు కుర్సీల కూసుంటున్నడు, ఖర్చు కానిది యాడికి పోతది? ఒంట్లనే ఉంటది." గిట్ల చెప్పి, బల్ల మీద ఏలుతోని కంచం లెక్క గుండ్రంగ గీసింది. సగం కూర, సగంల సగం పప్పు, మిగిలిన జాగల బువ్వ. "బువ్వ మానుమంట లేను తాతా. పిడికెడు తిను" అన్నది. మల్లొచ్చేటాళ్లకు దిగకపోతే ఇగ ఏలు తీసుడే అన్నది.

ఇంటికొచ్చేసరికి మాపైంది. పొద్దటి సంది ఇద్దరం చాయ్ మీదనే ఉన్నం. నేను గా పొయ్యి ముట్టించి, తోటకూర వండి, పప్పు చేసి, ఆమె గీసినట్టే పెట్టిన. గంత పెద్ద కంచంల గా పిడికెడు బువ్వ ఎట్ల కనవడ్తది చెప్పు? ఆయన సూసి, "బిచ్చమేసినట్టు ఏసినవేందే" అని కంచం ముందటికి నూకి, గోడ దిక్కు మొకం పెట్టి కూసున్నడు.

మా ఇండ్లల్ల ఆడోళ్లు ముందుగాల తినుడుండదు. మగోళ్లు తిని చెయ్యి కడిగినంక, పిల్లలు తిన్నంక, మిగిలింది పొయ్యెనుక కూసొని తినుడే. మా అమ్మ గంతే, మా అత్త గంతే. ఎవలో చెప్పింది గాదు, గట్ల నడిచింది. ఆయన తినకముందు నేను చెయ్యి పెట్టిన నాడు లేదు. కానీ ఆనాడు నాతోని కాలే బిడ్డా. బతిలాడే ఓపిక లేదు. ఆకలికి కడుపు మండుతుంది. నా బువ్వ నేను పెట్టుకొని, పొయ్యెనుకకు పోయే సత్తువ గూడ లేక, గక్కడనే ఆయన ముందట కూలవడి తినుడు మొదలువెట్టిన. ఆయనకు బుద్ధి చెప్పాలని గాదు, ఆకలైంది.

కొంచెంసేపటికి ఇటు తిరిగిండు. నా కంచంలకు సూసిండు.

"పంతానికి నువ్వు గూడ తక్కువ పెట్టుకున్నవా?" అన్నడు.

"పంతమేంది? దినాం తినేది గింతే."

"దినాం గింతేనా?"

"గింతే."

"నాట్లేసొచ్చిన నాడు గూడనా?"

"మీరందరు తిన్నంక మిగిలేది గంతే గదా" అన్న. తినుకుంటనే అన్న.

నా కంచం సూస్తడు, ఆయన కంచం సూస్తడు. రెండింట్ల బువ్వ ఒక్క తీరుగనే ఉన్నది. ఆయనకు బిచ్చమనిపించింది నాకు దినాం తిండి.

నాకు ఏడుపొచ్చిందనుకుంటున్నవేమో. రాలే. కోపమొచ్చింది. ఒక్క కప్పు కింద గన్నేండ్లుండి నేనేం తింటున్ననో సూడలేదీ మనిషి. చెడ్డోడా అంటే కాదు. ఒక్కనాడు నా మీద చెయ్యెత్తలే. సూడాలని ఆయనకు తోచలే, సూడుమని నేను చెప్పలే. గప్పటిదాంక నాకు గూడ తోచలేదనుకో. ఆయన కంచంలకెల్లి సగం పప్పు తీసి నా కంచంల ఏసిండు. నా మొకం సూడలే. కంచం దగ్గరికి గుంజుకొని తిన్నడు. మల్ల ఏయుమని అడగలే.

తెల్లారి గా పెద్ద కంచం తనే అటక మీద పెట్టిండు. గిప్పటికి గక్కడనే ఉన్నది, కావాల్నంటే సూడు. మల్ల దవాఖానకు పోయినప్పుడు షుగర్ దిగింది. ముల్లు ఎనుకకు కొంచెమే జరిగింది, కానీ జరిగింది. పుండు మానుతుందన్నది ఆమె. మీ తాత లేవకుంట, "మేడం, ఈమెను గూడ సూడుండ్రి" అన్నడు. నేను వద్దన్నా ఆమె ఇనలే, నా నెత్తురు గూడ తీసి సూసింది. నాకు నెత్తురు తక్కువున్నదట. డాక్టరమ్మ నన్ను సూసింది, ఆయనను సూసింది. "ఒక్కింట్లనే ఒకరికి తగ్గియ్యాలె, ఒకరికి పెంచాలె" అన్నది. గప్పటి సంది గుడ్లు తెస్తడు. నాకు యాష్ట, తిననంటే ఇనడు, ఒలిచి పెడ్తడు.

ఏలు దక్కింది. గోరు పోయింది, మల్ల రాలే. మంచిగైండా అంటే మొత్తం ఏం కాలే. మందులు మింగుడు ఉన్నది. పెండ్లిల బగారన్నం కనవడితే ఇప్పటికి ఆగడు, నేను కొంగు గుంజాలె. పొద్దుగాల కాలువ కట్ట దాంక నడుస్తడు, వచ్చి ఆయాసపడ్తడు. నాకు బర్రె అమ్మేసినా పని ఒడుస్త లేదు. ముసలితనం బిడ్డా, ఏం జేస్తం.

"ఏమే, బువ్వ సల్లారుతాంది."

ఇన్నవా? గదిగో, పిలుస్తుండు. నాకు ఆకలి గూడ లేదు, పండుకోవాలనుంది. కానీ నేను పోకపోతే చెయ్యి పెట్టడు. పోతే ముందుగాల నా కంచంలకే సూస్తడు, ఏమున్నది, ఎంతున్నదని. ఎప్పుడో సూడాల్సింది ఇప్పుడు సూస్తుండు.

పట్టు, జర చెయ్యియ్యి, లేస్త. అబ్బా, నడుము. సల్లగుండు బిడ్డా. రేపు నీకు గూడ పెండ్లయితది. నీ కంచంల ఏమున్నదో మొదటి నాటి సందే సూసెటోడు దొరకాలె నీకు. పా, నీ కంచం గూడ తెచ్చుకో. మా ఇద్దరి నడుమ కూసో.