విరిగిన చుక్క

ల్యాబ్‌లో ఆమె మూడు స్లయిడ్లు తెచ్చి మరిది ముందు పెట్టింది. ఊరికి నీళ్లు వదిలే ఇంజనీరు అతను.

“కలరా ఎక్కడైనా కలరాయే కదా వదినా! ఆ గుడిసెల వాళ్లే అంటించారు. అందుకే వాళ్ల కుళాయి ఆపేయించాను.”

“నోర్ముయ్! మూడింటి మీదా ఒకటే సీరం వేశాను, ఒక్క రకం కలరా క్రిమినే విరగ్గొడుతుందది. గుడిసెల వాళ్ల క్రిమి చెక్కుచెదరలేదు, చూడు. ఊళ్లో రోగులది పాలు విరిగినట్టు విరిగింది. నీ ట్యాంకులోదీ అచ్చం అలాగే విరిగింది.”

“అయితే?”

“ఆ రెండూ ఒకటే రకం. నీ ట్యాంకు పాపం తీసుకెళ్లి వాళ్ల నెత్తిన రుద్దావు!”

“అరవకండి. మనింటికి భయం లేదుగా! వారం నుంచీ బయటి నీళ్లే తెప్పిస్తున్నాను.”

“వారం నుంచా? గుడిసెల్లోనైనా, ఊళ్లోనైనా మొదటి రోగి పడింది మొన్న కదరా!”