నాన్న నిలబడిన చోటు

తణుకులో ఓ చిన్న సహకార బ్యాంకు. ముంబై కంపెనీ ఇచ్చిన ఇంటి లోను శాంక్షన్ లెటరు ఆఫీసరు బల్లమీద పడేసి, కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడ్డాడు శశిభూషణ్.

"మా వడ్డీకంటే ఒక పర్సెంటు ఎక్కువ కదండీ ఇది?"

"తెలిసే తీసుకున్నానండి."

"మరి నాకు చూపించడం దేనికండీ?"

ఎనిమిదేళ్లుగా మనసులో నూరుకుంటున్న మాటలు బయటికొచ్చాయి.

"నా రొయ్యల చెరువు లోను మీరు కాదన్నారు. నాకోసం మా నాన్న ఇక్కడే గంటసేపు నిలబడ్డారంట. మా బాబాయి కళ్లారా చూశాడు. ముంబైవాళ్లు మా నాన్నెవరని అడగలేదు, కాగితాలు చూసి ఇచ్చేశారు. మీ ఎదురుగా కడుతున్న ఇంటికి ఆయన పేరే పెడుతున్నాను, జగన్నాథ నిలయం. ఆ బోర్డు మీ కిటికీలోంచి రోజూ కనపడుద్ది."

"మీ చెరువు లోను నేను కాదన్లేదండి. సంతకం కూడా పెట్టేశాను. మీ నాన్నగారే వచ్చి, 'మావాడికి ఇవ్వకండి, వాడు ఏదీ నిలబెట్టుకోలేడు, చెల్లెలి వాటా పొలం కూడా ముంచేస్తాడు' అన్నారు. ఆ కాగితం చింపేదాకా కదల్లేదు."

"అబద్ధం."

"మీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నారండి. ఇన్నాళ్లూ మీ తిట్లు పడ్డాను. రోజూ ఆ బోర్డు కూడా చూడమంటే నా వల్ల కాదండి."

శశిభూషణ్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఆఫీసరు లెటరు జాగ్రత్తగా మడిచి అతని చేతిలో పెట్టాడు.

"ఆరోజు ఆయనకి వేయించింది కూడా ఆ కుర్చీయేనండి. కొడుకు మీద చెప్పడానికొచ్చి కూర్చోలేనన్నారు."