వంతెన మూడుసార్లు కూలింది

పిల్లలూ పెద్దలూ కలిసి చేసే సైన్సు పోటీకి స్ట్రాలతో వంతెన కట్టింది తండ్రే. కూతుర్ని చెయ్యి కూడా వెయ్యనివ్వలేదు. ఇప్పుడు బడి హాల్లో వెనక వరుసలో ఇద్దరూ బహుమతుల కోసం కూర్చున్నారు.

"మన వంతెనకే ఫస్టు ప్రైజు, చూస్తూండు."

"వంతెనకి కాదు నాన్నా, నా నోట్‌బుక్కుకి వచ్చింది. టీచర్ చెప్పారు."

"అందులో ఏం రాశావే?"

"నువ్వు ముట్టుకోనివ్వలేదుగా, చూసిందే రాశా. వంతెన మూడుసార్లు కూలింది. రెండుసార్లు గమ్ము మంచిది కాదన్నావు. ఒకసారి అమ్మ ఫ్యాను వేసిందన్నావు."

తండ్రి కూతురి వైపు వంగి గొంతు తగ్గించాడు.

"ఫ్యాను సంగతి కూడా రాశావా తల్లీ?"

"అప్పుడు కరెంటే లేదని కూడా రాశా. స్టేజీ మీద చదవమన్నారు."

"మీ అమ్మ రాలేదు, అదే నయం."

"వచ్చింది. ముందు వరుసలో కూర్చుంది, వీడియో తీయడానికి."