బల్లను రెండు చేయనివ్వని దయామణి గారు

రెండువేల నాలుగో సంవత్సరం ఫిబ్రవరి పదమూడవ తేదీ, శుక్రవారం నాడు, శ్రీమతి దయామణి గారు బహ్రెయిన్‌లోని మా తెలుగు క్రైస్తవ సంఘ కార్యాలయంలో కార్యదర్శిగా, ఆరాధనలో అనువాదకురాలిగా బాధ్యతలు స్వీకరించారు. ఇరవై ఒక్క సంవత్సరాల నిరంతర సేవానంతరం విరమిస్తున్న ఆ విదుషీమణిని గురించి నాలుగు మంచి మాటలు రాయమని ఈ వీడ్కోలు సంచిక సంపాదకవర్గం నన్ను కోరింది. మంచి మాటలే రాస్తున్నాను. కోపంతో రాస్తున్నాను.

తొలి శతాబ్దాల సంఘచరిత్ర ఆమెకు కంఠోపాఠం. ఆదిమ సంఘంలో బిషప్పును విశ్వాసులే ఎన్నుకునేవారని, బానిసనూ యజమానినీ ఒకే రొట్టె చుట్టూ చేర్చడమే ఆయన ప్రథమ ధర్మమని, గురువారం సాయంత్రపు తరగతుల్లో ఆమె ఎన్నో ఏళ్ళు బోధించారు. మేమంతా శ్రద్ధగా రాసుకున్నాం. ఆ రాతలు మాకు ఎందుకూ కొరగాలేదు.

రెండువేల పద్దెనిమిదిలో మా పెద్దలు స్వదేశం నుంచి ఒక బిషప్పును రప్పించారు. ఆయన పేరు ఇక్కడ రాయను. మామీర్ లేబర్ క్యాంపులో ఉంటూ డ్యూటీ దిగి నేరుగా వచ్చే కార్మిక సోదరులు ఇకపై మధ్యాహ్నం రెండు గంటలకు విడిగా ఆరాధించాలని, రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభుబల్ల కూడా వారికి వేరని, బిషప్పు ఆజ్ఞను ప్రశ్నించడమే ఐక్యతను చీల్చడమని, ఇదే ఆదిమ పితరుల బోధ అని ఆయన ఇంగ్లీషులో సెలవిచ్చారు. దయామణి గారు ఒక్క మాట విడవకుండా తెలుగులో చెప్పారు. కానీ మైకు దించలేదు.

“ఇంతవరకూ అయ్యగారి మాటండి. ఇహ నాది. సంకెళ్ళేసి రోముకి లాక్కెళ్తుంటే దారిలో ఒక బిషప్పు, ఆ ఆదిమ పితరుల్లో ఒకాయనే, సంఘాలకి ఉత్తరాలు రాశాడండి. బిషప్పుని విడవొద్దన్నాడు, నిజమే. ఎందుకన్నాడు? బల్ల ఒక్కటిగా ఉండాలని. దాన్నే రెండు చేసేవాడికి ఆ పితరుల పేరు వాడుకునే హక్కు లేదండి.”

వెనక వరుసలోంచి లింబాద్రి అనే వెల్డరు లేచాడు. “అంటే మా బట్టల వాసనకేనా అమ్మా? డ్యూటీకెళ్లి సీదా ఇటే ఉరికొస్తున్నం. తానం జేసే టైమేడిది మాకు?”

కుటుంబాలతో ముందు వరుసల్లో కూర్చున్న మేము, చదువుకున్నవాళ్ళం, నేల చూపులు చూశాం.

మర్నాడే కమిటీ ఆమెను అనువాద బాధ్యత నుంచి తొలగించింది. ‘క్రమశిక్షణా రాహిత్యం’ అని రాసిన ఆ ఉత్తరాన్ని టైపు చేసింది నేనే. “స్పెల్లింగు బాగానే ఉందండీ రామ్‌ప్రసాద్ గారూ,” అని మాత్రం అని ఆమె సంతకం పెట్టి తీసుకున్నారు. చెంప మీద కొట్టినా అంత మంట పుట్టేది కాదు.

ఆపై ప్రతి శుక్రవారం ఆమె రెండు గంటల ఆరాధనకే వెళ్ళి కార్మికుల మధ్య కూర్చున్నారు. మూడో వారం, అవాలిలో ఉండే వృద్ధురాలు బుల్లెమ్మ గారు కర్ర ఊతంతో అక్కడికే వచ్చారు. తరువాత మరో కుటుంబం, ఇంకో కుటుంబం. ఎనిమిది నెలలకు, మేమంతా వెళ్ళే ఉదయం పదిగంటల ఆరాధనలో సగం కుర్చీలు ఖాళీ. బిషప్పు గారు తిరుగు విమానమెక్కారు. రెండు ఆరాధనలూ ఒక్కటయ్యాయి. ఆమె మళ్ళీ మైకు పట్టుకున్నారు.

క్షమాపణ మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ తొలగింపు ఉత్తరం నేటికీ ఆమె దస్త్రంలోనే ఉంది. దాన్ని రద్దు చేయకుండానే రేపు శాలువా కప్పబోతున్నారు! పెద్దలారా, ముందు ఆ కాగితం రద్దు చేయండి. శాలువా సంగతి తరువాత. నా వంతుగా, అది టైపు చేసినందుకు ఈ అచ్చు సాక్షిగా ఆమెను క్షమాపణ వేడుతున్నాను.

దయామణి గారూ, దేవుడు మీ మోకాళ్ళకు సత్తువను, కళ్ళకు చూపును, నూరేళ్ళ నిండు ఆయుష్షును ప్రసాదించుగాక. మేము మళ్ళీ తప్పుచేసిన నాడు, ఎక్కడున్నా మమ్మల్ని మందలించేందుకు మీ గొంతు ఇలాగే ఖంగున మోగుగాక.

కె. రామ్‌ప్రసాద్
సంఘ కార్యాలయం