రేవు గోడ మీద రత్నం కళ్ళు

"తాతగారూ, రేవు గోడ మీద మాస్కు పెట్టుకున్న ఆ బొమ్మ మీరేసిందేనా అండీ?"

నేను కాకపోతే ఇంకెవరేస్తారమ్మా! అంతర్వేది నుంచి ఉప్పాడ దాకా ముందు కొసన నేను కన్ను దిద్దని నావ లేదు. ఓసారి గోడ మీద పండుగప్ప చేపని వేస్తే పిల్లి వచ్చి నాకి, నాలిక నీలంగా చేసుకుని పోయింది. నవ్వకు, మీ నానమ్మ చూసింది. కాదు కాదు, మీ నానమ్మ చెల్లెలు. సరేలే.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు పంచాయతీ వాళ్ళొచ్చారు. "చేపల కోసం జనం ఒకరి మీద ఒకరు పడిపోతున్నారండీ, మాస్కు పెట్టుకునేలా ఏదైనా బొమ్మ వెయ్యండి" అన్నారు. బతిమాలారనుకో. ఒక్క పూటలో ఏనుగంత మనిషిని దింపేశాను. గంప ముందు కూర్చుని చేపలమ్మే ఆడమనిషి, ముక్కూ నోరూ మూస్తూ మాస్కు, కళ్ళు మాత్రం బయటికి.

పొరపాటు అక్కడే జరిగింది. నావకి కన్ను దిద్దేటప్పుడు ఆ నావవాడి ఇంటావిడ పేరు లోపల అనుకుంటూ దిద్దాలి. అలా అయితేనే నావ ఇంటికి తిరిగొస్తుందని మా నాన్న నేర్పాడు. గోడకి ఇల్లేంటి, ఇంటావిడేంటి? కానీ చేతికి అలవాటు కదా. కళ్ళ దగ్గరికి రాగానే రత్నం పేరు వచ్చేసింది. రత్నమంటే నా స్నేహితుడి భార్య, ఆ రేవులోనే చేపలమ్మేది. అంతకు పది రోజుల ముందే కాకినాడ ఆసుపత్రిలో పోయింది. మొహం కూడా ఎవరికీ చూపించలేదు.

మర్నాడు పొద్దున్న చూద్దును కదా, గోడ ముందు రత్నం కూతురు దుర్గ. ఏడో నెల కడుపు. మాస్కు తీసేసి, బొమ్మకి మొహం చూపిస్తూ నిలబడింది.

"ఇదేంటే, పెట్టుకో!" అన్నాను.

"పెట్టుకుంటే అమ్మ గుర్తుపట్టదు బాబాయ్."

ఆ పేరు అనుకున్నట్టు నేనెవరికీ చెప్పలేదే! మూడో రోజుకి రేవంతా అదే తీరు. ఆడవాళ్ళు మాస్కులు దించుకుని, "రత్నం వదినా, నేనే" అంటూ గోడని తడుముతున్నారు. జనాన్ని ఎడంగా నిలబెట్టమని వేసిన బొమ్మ జనాన్ని పోగేసింది!

కళ్ళు మూసేద్దామని సున్నం డబ్బా పట్టుకెళ్ళాను. దుర్గ అడ్డం నిలబడింది.

"తప్పుకో. కడుపులో బిడ్డకేమన్నా అయితే మీ అమ్మకి నేనేం చెప్పను?"

చాలాసేపు ఏడ్చింది. "ఒక్కసారి మాస్కుతో చూపిస్తాను. గుర్తుపట్టకపోతే మూసెయ్" అంది.

పెట్టుకుంది. గోడ ఈ చివర నుంచి ఆ చివరికి నడిచింది. మిట్టమధ్యాహ్నం, గాలి లేదు, ఒక్క కాకి అరవలేదు. రత్నం కళ్ళు కూతురి వెంటే కదిలాయి.

అది పనితనం అంటావు. నల్లగుడ్డు నడిమధ్య పెడితే ఏ బొమ్మైనా మన వెంటే చూస్తుంది, నాకు తెలీదా? వెయ్యిసార్లు చేశాను. కానీ అమ్మా, సత్తెప్రమాణకంగా చెబుతున్నాను, ఆ చూపు నేను కిందికి, గంపలో చేపల మీదికి దించి వేశాను.

డబ్బా అక్కడే వదిలేసి వచ్చేశాను. దుర్గ మళ్ళీ మాస్కు తియ్యలేదు. దాన్ని చూసి ఇంకెవరూ తియ్యలేదు. కాన్పు సుఖంగా అయింది, ఆడపిల్ల.

నువ్వూ నూరేళ్ళు చల్లగా ఉండు తల్లీ. ఈసారి రేవుకెళ్తే చూపు ఎటుందో చూసొచ్చి చెప్పు. నేనా? నాకేం భయమే! ఈ మోకాళ్ళ నొప్పితో అటు వెళ్ళడం లేదు, అంతే... అంతే మరి...