రెండొందల నలభై బొమ్మల్లో సగం పులి

"ఇలా రండ్రా, ఇంకాస్త దగ్గరికి జరగండి! ఒరేయ్ కెప్టెనూ, గుమ్మానికి అడ్డంగా నిలబడకు, వచ్చే కాస్త గాలీ ఆగిపోతోంది. వచ్చి కింద కూర్చో. టైలర్ తాతా, నీ స్టూలు ఇటు లాక్కో. అమ్మడూ, నువ్వు నా పక్కన, ఆ అట్టపెట్టె మీద. కరెంటు వచ్చేదాకా మీకొక సంగతి చెబుతాను. కథ కాదు సుమా! జరిగింది జరిగినట్టు."

బాబాయి "జరిగింది జరిగినట్టు" అన్నాడంటే జరగనిదేదో మొదలవబోతోందని ఆ వీధిలో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. పాత టీవీలు, మానిటర్లు బాగుచేసే కొట్టు ఆయనది. చేతిలో పనితనం ఉంది, కాదనలేం. కానీ చేతికంటే నోరు నాలుగడుగులు ముందు నడుస్తుంది. ఆదివారం కొట్టుకి సెలవైనా పొద్దున్నే తలుపులు తీసి వీధి పిల్లల్ని ఆడుకోనిస్తాడు. ఎందుకంటారా? బల్లమీద కొలువుదీరిన ఆ మానిటర్ని నలుగురూ చూడాలి కదా! మూతపడిన గేమింగ్ సెంటర్ నుంచి పెట్టెతో సహా తెచ్చుకున్నాడు. దాని మూల ఎర్ర స్టిక్కర్ మీద 240 అని ఉంటుంది. సెకనుకి రెండొందల నలభైసార్లు తెరమీద బొమ్మ మార్చగలదని అర్థం. తెరంతా రోజూ తుడుస్తాడు గాని, ఊడిపోతుందేమోనని ఆ స్టిక్కర్ మీద మాత్రం గుడ్డ పడనివ్వడు.

అమ్మడు ఆయన అన్న కూతురు. పన్నెండేళ్ళు, సోడాబుడ్డి కళ్ళద్దాలు. ఏ కాగితం దొరికినా ముక్కు ఆనించి ఆఖరి అక్షరం దాకా చదవందే వదలదు. తెరమీద ఆడే బంతాటలో వీధి జట్టుకి గోల్‌కీపరు తనే. మొన్నటిదాకా ఆమెను దాటి బంతి లోపలికి పోవడమంటే గోడలోంచి గేదె పోవడమే. ఈ మానిటర్ వచ్చాకే వచ్చింది తంటా. దానితోపాటు నల్ల కళ్ళద్దాలు కూడా వచ్చాయి. అవి ఒకసారి ఎడమ కన్ను మూసి, ఒకసారి కుడి కన్ను మూసి, ఒక్కో కంటికి ఒక్కో బొమ్మ చూపిస్తాయి. గబగబా మార్చేసరికి రెండూ కలిసి, బంతి తెరలోంచి లేచి మన మీదికి వచ్చినట్టుంటుంది. ఉండాలి. అమ్మడికి మాత్రం అవి పెట్టుకోగానే తెరంతా మినుకుమినుకుమనేది, బంతి రెండుగా చీలేది, తల దిమ్మెక్కేది. పదిహేను రోజుల్లో పదహారు గోల్స్ వదిలేసింది.

"మంచి కంటికి మినుకన్నది ఉండదు తల్లీ" అన్నాడు బాబాయి మొదటి రోజే. "ఈ వేగం అందుకోవాలంటే చూపులో సత్తా ఉండాలి." ఆ మాట విన్నాక ఇంకెవరు నోరు తెరుస్తారు? కెప్టెన్ "అబ్బ, ఎంత బాగుందో" అన్నాడు. మిగతా పిల్లలూ తలలూపారు.

ఈ రోజు నాలుగింటికి వెనకవీధి జట్టుతో పోటీ, అదీ ఈ అద్దాలతోనే. పొద్దున ఇంకో రెండు గోల్స్ వదిలేశాక, కరెంటు పోయే ముందు కెప్టెన్ చెప్పేశాడు: "ఏమనుకోకు. నీ కళ్ళు దీనికి అందట్లేదు. భోజనాలయ్యాక ఇంకొకళ్ళని చూస్తా."

అదీ సంగతి. అమ్మడికి ఏడుపు ముంచుకొచ్చింది. ఏడిస్తే అద్దాలు తడుస్తాయని ఊరుకుంది.

"మొదటి రోజు ఏం జరిగిందంటే" అని బాబాయి అందుకున్నాడు. "వైరు పెట్టాను, మీట నొక్కాను. బంతి గిర్రున తిరుగుతూ వస్తోంది. మామూలు మానిటర్లో అయితే తెల్లటి చుక్క. ఇందులోనో, దానిమీద అచ్చేసిన అక్షరాలు చదివేశాను! పైగా ఒక కుట్టు ఊడి ఉంది."

"ఏ కుట్టురా?" అన్నాడు టైలర్ తాత, గుండీ కుడుతూనే.

"నువ్వు నా చొక్కాకి వేసేదే తాతా, రెండో రోజుకే ఊడేది."

పిల్లలు గొల్లున నవ్వారు. తాత సూది గాల్లో ఆపి, "సరేలే, చెప్పు" అన్నాడు.

"ఆ తర్వాత పెద్ద పోటీకి పిలిచారు నన్ను. మూడొందల మంది ఆటగాళ్ళు. నేను దీన్ని చంకనబెట్టుకుని వెళ్ళాను. అవతలివాడు బంతి తన్నాలని మీట మీద వేలు పెట్టాడో లేదో, నాకిక్కడ బంతి కనపడిపోయింది! పట్టేసుకున్నాను. పట్టేసుకుని, లేచి బయటికెళ్ళి, టీ తాగి, కప్పు కడిగి ఇచ్చి వచ్చి కూర్చుంటే అప్పుడు తన్నాడు వాడు. ఏం లాభం? బంతి నా దగ్గరుంది. ఉత్త గాలిని తన్ని బోర్లా పడ్డాడు."

"మరి టీ ఎవరిచ్చారు బాబాయ్?" అన్నాడు కెప్టెన్.

"ఎవరిస్తేనేంరా, నీకు బంతి ముఖ్యమా టీ ముఖ్యమా?"

అమ్మడు కూడా మామూలుగా అయితే ఇక్కడ పడీపడీ నవ్వేది. ఇవాళ ఊరికే తల వంచుకుంది. తల వంచుకుంటే కూర్చున్న అట్టపెట్టె కనపడింది. దాని మూత కింద మడతలు పడిన కాగితం ఒకటి ఇరుక్కుని ఉంది. లాగింది. మానిటర్‌తో వచ్చిన కాగితం. మడత కూడా సరిగ్గా విప్పలేదు ఎవరూ. అలవాటు ఎక్కడికి పోతుంది? ముక్కు ఆనించింది.

"అక్కడితో ఆగిందా? ఆగితే నేనెందుకు చెబుతాను! వెనకాల ఉన్న స్క్రూ ఇంకో చుట్టు తిప్పాను. అంతే! దీని వేగం ఎంత పెరిగిందంటే, రేపటి బొమ్మ ఇవాళే రావడం మొదలెట్టింది. చూస్తే ఏముంది, మీ పిన్ని గరిటె పట్టుకుని నన్ను తిడుతోంది. ఎందుకో మాత్రం వినపడట్లేదు. ఎందుకొచ్చిన గొడవని అప్పుడే ఇంటికి పరిగెత్తుకెళ్ళి, 'తప్పైపోయింది, క్షమించు' అన్నాను. 'ఏం తప్పు చేశావు, చెప్పు' అంది. నాకు తెలిస్తేగా! చెప్పలేదని గరిటె తీసింది."

"ఇదొక్కటీ నమ్ముతాను" అన్నాడు తాత.

కాగితం మీద మూడో పేజీలో, చీమతలంత అక్షరాల్లో అమ్మడి వేలు ఆగింది. ఒకసారి చదివింది. అద్దాలు తుడుచుకుని ఇంకోసారి చదివింది.

"బాబాయ్" అంది మెల్లిగా. "దీన్ని బిగించినప్పుడు కంప్యూటర్ సెట్టింగుల్లో ఏమైనా మార్చావా?"

"మార్చడమేంటి తల్లీ! వైరు పెట్టడం, మీట నొక్కడం. చేపపిల్లకి ఈత నేర్పుతామా?"

అమ్మడు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో దాచుకుంది. చెప్పేస్తే బాబాయి మొహం చిన్నబోతుంది. చిన్నప్పుడు తనకి జ్వరమొస్తే రాత్రంతా ఇలాంటి కోతలే కోసి నవ్వించిన బాబాయి. చెప్పకపోతేనో, నాలుగింటికి తను బెంచీ మీద కూర్చుని చప్పట్లు కొట్టాలి.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" బాబాయి గొంతు తగ్గించాడు. పిల్లలు ముందుకి వంగారు. "ఈ నల్లద్దాలు పెట్టుకుని అడవి ఆట ఆడుతున్నాను. ముందు కొమ్మలొచ్చాయి బయటికి. బల్లమీద ఇంత ఎత్తున ఆకులు! తర్వాత వాన వచ్చింది, చొక్కా పిండితే బకెట్టు నిండింది. ఆ వెనకే వచ్చింది పులి. తెర అంచు మీద ముందు కాళ్ళు పెట్టి, ఒళ్ళు విరుచుకుని, ఇదిగో, కెప్టెన్ కూర్చున్నాడే, సరిగ్గా అక్కడ దిగింది."

కెప్టెన్ కాస్త పక్కకి జరిగాడు.

"నాకేం భయమా? అద్దాలు తీసేస్తే బొమ్మ మాయమవుతుంది కదా! తీయబోయాను. చెమటకి జారి, సగమే ఊడాయి. కుడి కంటి మీంచే ఊడాయేమో, కుడి కంటిలో పులి మాయం. ఎడమ కంటిలో పులి మిగిలిపోయింది!"

"అంటే?" అన్నాడు కెప్టెన్, నోరు తెరిచి.

"అంటే సగం పులి."

"ముందు సగమా, వెనక సగమా?"

"ఎడమ సగంరా! ఒక చెవి, ఒక కన్ను, సగం మీసం, రెండు కాళ్ళు. నా మీదికి దూకుదామని చూస్తుంది, కుడివైపు కాళ్ళు లేవు కదా, గిర్రున తిరిగి మళ్ళీ అక్కడికే వస్తుంది. పొద్దుగూకేదాకా ఈ కొట్లో గుండ్రంగా తిరిగిందంటే నమ్మండి! జాలేసి గుమ్మం తెరిచాను. కుడి సగాన్ని వెతుక్కుంటూ వెళ్ళిపోయింది. ఇదంతా ఎందువల్ల? రెండొందల నలభై! ఆ వేగమూ, దాన్ని అందుకునే ఈ కళ్ళూ! అందరివల్లా అవుతుందా?"

ఆ ఆఖరి మాట అమ్మడికి సూదిలా గుచ్చుకుంది.

సరిగ్గా అప్పుడే ఫ్యాన్ కదిలింది. కరెంటు! కంప్యూటర్ మొదలైంది, మానిటర్ వెలిగింది. "చూశారా, ఎలా మెరుస్తోందో" అని బాబాయి చెయ్యి చాచేలోపే అమ్మడు వెళ్ళి మౌసు పట్టుకుంది. కాగితంలో చెప్పినట్టు ఒక్కో గడీ తెరిచింది. తెరకి ముక్కు ఆనించింది.

"బాబాయ్, ఇక్కడ అరవై అని ఉంది."

"ఏది? ఓ, అదా! అది... గదిలో వేడి అయుంటుంది."

"కాదు బాబాయ్. కాగితంలో రాశారు. మనం చెప్పకపోతే కంప్యూటర్ పాత లెక్కలోనే, సెకనుకి అరవై బొమ్మలతోనే నడుస్తుందట. ఈ అద్దాలకి అది చాలదట. ఒక్కో కంటికి ముప్పయ్యే వస్తాయి. అందుకే మినుకుమంటుందట. ఎవరి కళ్ళకైనా సరే."

తాత సూదిని చొక్కా మడతలో గుచ్చి, నింపాదిగా అడిగాడు. "ఏమోయ్, ఒక్కో కంటికీ ముప్పయ్యేనట. మరి ఆ పులికి రెండు కాళ్ళైనా ఎలా వచ్చాయి?"

బాబాయి గుడ్డ తీసుకుని మానిటర్ వెనక దుమ్ము తుడవడం మొదలెట్టాడు.

"మొన్న ఆ అద్దాలు పెట్టుకున్నాక గంటసేపు సూదిలో దారం ఎక్కలేదు నాకు" అన్నాడు తాత. "వయసనుకున్నాను."

కెప్టెన్ చెవులు ఎర్రబడ్డాయి. "నాకూ రోజూ తలనొప్పే" అన్నాడు నేలకేసి చూస్తూ. "జేబులో తలనొప్పి మందు పెట్టుకునే వస్తున్నా."

అమ్మడు గడిలో అరవైని 240కి మార్చింది. తెర ఒక్క క్షణం నల్లబడి, మళ్ళీ వెలిగింది. నల్లద్దాలు తన అద్దాల మీదే తగిలించుకుంది. కెప్టెన్ ఆట తెరిచి బంతి తన్నాడు. మినుకు లేదు, చీలిక లేదు. ఒకే ఒక్క బంతి, పిండిముద్దలా గుండ్రంగా, గదిలోకి తేలుతూ వచ్చింది. పట్టుకుంది. రెండోది, పట్టుకుంది. పన్నెండు తన్నాడు కెప్టెన్. పన్నెండూ పట్టుకుంది.

"నాలుగింటికి ఆలస్యం చెయ్యకు" అన్నాడు కెప్టెన్. చివర "కీపరూ" అని కలిపాడు.

అమ్మడు నల్లద్దాలు తీసి బాబాయికి ఇచ్చింది. ఆయన పెట్టుకుని తెరకేసి చూశాడు. నోరు తెరుచుకుంది. అందులోంచి మాట రాలేదు. ఆ వీధి పుట్టాక అలా జరగడం అదే మొదలు. పదిహేను రోజులుగా తను పొగిడిందేదో, పాపం, ఆయనా ఇప్పుడే చూస్తున్నాడు.

"ఇంకేం కూర్చున్నార్రా!" అన్నాడు చివరికి, అద్దాలు తీయకుండానే. "వేళ దాటిపోతోంది, పొండి, ఇళ్ళకి పోయి అన్నాలు తినండి. తాతా, నువ్వూ లే. అమ్మడూ, నా కంచం మూసి ఉంచమని పిన్నితో చెప్పు, ఇప్పుడే వస్తాను. దారిలో జాగ్రత్త తల్లీ, ఆ సగం పులి ఇంకా తిరుగుతూ ఉంటుంది."

"ఫరవాలేదు బాబాయ్" అంది అమ్మడు గుమ్మం దిగుతూ. "కనపడితే నీ దగ్గరికే తోలుకొస్తాను. ఇప్పుడు తెచ్చిస్తే నిండుగా కనపడుతుంది."