నీళ్ళు పడని చోటి రాయి

ఏ రాయి అజయ్? మీ ఇంట్ల బట్టలుతికే బండా? తిరగేస్తే కింద అక్షరాలున్నయా? ఫోనిటు తే, అద్దాలు పెట్టుకోనియ్యి. ఆ... ఎర్ర రంగు. "యోబు చూపిన చోటు. నీళ్ళు పడలేదు." ఓరి వీని! ఇన్నేండ్లకు కనిపించిండు సూడు. కూసో బిడ్డా. మీ చేన్లకు బోరు బండి రేపు గదా వచ్చేది, ఇంక టైమున్నది, కూసో.

యోబు అంటే మా ఎల్లారెడ్డి ఊరి యోబు. కామారెడ్డి కాలేజీల ఇద్దరిదీ ఒకటే బెంచి, ఒకటే రూము. వంట నాది, గిన్నెలు తోముడు వాడిది. సగం తోమి, చేతిల బూడిద అట్లనే పెట్టుకొని రాళ్ళ ముచ్చట మొదలువెట్టేటోడు. నేను పంతులునైన, వాడు సర్కారు జియాలజిస్టయిండు. "మన కాళ్ళ కింద అంతా ఒకటే గ్రానైటురా. నీళ్ళుండేది దాని పగుళ్ళల్ల. పగులు దొరికితే పంట, జర పక్కకు పోతే దుమ్ము" అనేటోడు. వాడికో మిషనుండె, భూమిల మేకులు కొట్టి కరెంటు పంపుతరు. ఊరోళ్ళకు అది దేవుడే. వాడేమో, "ఇది నీళ్ళను చూపియ్యదు అవ్వా, కరెంటు ఎంత సులువుగ పోతుందో చూపిస్తది. మిగిలింది నా అందాజ" అని మొత్తుకునేటోడు. అందాజ అంటే ఎవరికి నచ్చుతది? అరచేతిల కొబ్బరికాయ పెట్టుకొని నీళ్ళ జాడ చెప్పుకుంట తిరిగే బాలమల్లు అయితే కాలు నేలకు తన్ని "ఇగో, ఈడనే ఉన్నది గంగమ్మ" అనేటోడు. జనం ఆయనకే దండం పెట్టేది. ఏం చెప్తున్న నేను? ఆ, రాయి.

వాడి తమ్ముడు యాకూబు. అతని చేన్ల బోరుకు చోటు చూపింది అన్ననే. పాస్టరు ప్రార్థన చేసిండు, బండి డ్రైవరు తన కొబ్బరికాయ తను కొట్టుకున్నడు, దించిండ్రు. దుమ్ము. ఎంత లోతుకు పోయినా దుమ్మే. నిలబడ్డోళ్ళ తలలు తెల్లగయినయి గని చుక్క రాలేదు. తర్వాత తెలిసింది, గట్టవతలి చేను బాలయ్య అంతకు ముందే బోరేసిండు. ఆయనకూ దుమ్మే. దాని మీద పెంటకుప్ప పోసి ఊకున్నడు. యోబు పోయి అడిగితే, "నా చేన్ల నీళ్ళు లెవ్వని నేనే చాటింపేసుకోవాల్నా సారూ? ఎవడన్న కౌలుకు పడ్తడా?" అన్నడు. మనకాడ అందరిదీ అదే పని. నీళ్ళు పడితే ఊరంతా బెల్లం, పడకుంటే పైన పెంట. పక్కోడొచ్చి మళ్ళ అదే రాయిల దించుతడు. బోరు అప్పు తీర్చను యాకూబు దుబాయి పోయిండు. పెట్టెల వచ్చిండు.

తమ్ముణ్ణి మట్టి చేసిన తెల్లారి యోబు పోయి ఆ బోరు కాడ రాయి పాతిండు, తన పేరు రాసి. ఇగ అప్పటికెళ్ళి, వాడు చూపిన చోట నీళ్ళు పడకుంటే చాలు, రంగు డబ్బా పట్టుకొని పోవుడే. మాచారెడ్డి దిక్కు గంగమణి అని ఒకామె, "నా చేన్ల నీ సమాధేంది సారూ, తీస్కపో" అని పార ఎత్తింది. వాడి భార్య లిదియా నా ముందట ఏడ్చింది. "అన్నా, ఎవరన్న మంచి పని చేసి పేరు రాసుకుంటరు. ఈయన ఓడిపోయి రాసుకుంటున్నడు."

ఆఫీసుల నీళ్ళ మ్యాపు వాడితోనే గీయించిండ్రు. వాడు నీళ్ళు పడ్డ చోట నీలం చుక్క, పడని చోట ఎర్ర చుక్క పెట్టిండు. పెద్దాఫీసరు చెడ్డోడేం కాదు, మెల్లగనే చెప్పిండంట. "యోబు గారూ, ఆ ఎర్రవి తీసెయ్యండి, చూడను బాగుంటది. ఆఫీసుకు పేరు." వీడు, "సార్, అప్పుడు నీళ్ళు మ్యాపుల ఉంటయి, భూమిల ఉండయి. మనం పెండ్లి కార్డు అచ్చేస్తలేము గదా" అన్నడు. ఇంకేముంది, మ్యాపు ఇంకొకరి చేతికి, వీడు మహారాష్ట్ర సరిహద్దుల మద్నూరుకు బదిలీ. ఆడ నల్లరాయి, మరాఠీ మాట. అక్కడి రాళ్ళ మీద "పాణీ నాహీ" అని మరాఠీల రాయ నేర్చుకున్నడంట, నవ్వుకుంట చెప్పిండు. మ్యాపు మాత్రం అచ్చయింది, అన్ని నీలం చుక్కలే, ముద్దుగుండె. యాకూబు చేను కాడ ఉత్త తెల్ల కాయిదం. ఆ తెల్ల చోటు మీద వేలు పెట్టి ఎంతసేపో కూసుండేటోడు. "నేను తప్పు చూపినదానికి ఏడుస్తలేనురా. బాలయ్యది ఒక్క రాయి ఉంటే నా తమ్ముడు బతికుండేటోడు" అనేటోడు.

వాడు కాలం చేసినంక ఒకసారి నేనే తిరిగిన, ఆ రాళ్ళు ఉన్నయా అని. ఒకటి మేకల కొట్టానికి గడపయింది. ఒకటి ట్రాక్టరు చక్రం కింద. మంచి సాపు రాళ్ళు తెచ్చేటోడు పిచ్చోడు, ఎవరు వదులుతరు?

అవు గని అజయ్, ఈ బండ ఏడికెళ్ళి తెచ్చిండ్రు? మీ తాత తెచ్చిండా? మీ చేన్లదేనా? ఏ దిక్కుండె, బాయి దిక్కా, తొవ్వ దిక్కా? మీ నాయినకు గూడ తెల్వదా... అడిగిండ్రా మంచిగ?

ఆ ఎండు బోరు ఏడున్నదో తెల్వకుంట, రేపు ఏ మూలకు చూపిస్తవు మరి బండికి...

నర్సమ్మా, పిల్లగానికి జర చాయ్ పెట్టు.